వెనక సీట్లో మనిషి

ఫిబ్రవరి 2

ఇవాళ మళ్ళీ చెప్పాడు. ఐదోసారి. నేను లెక్కపెడుతున్నాను.

ఆడపడుచు ఇంట్లో భోజనాలయ్యాయి. పళ్ళేలు ఇంకా తియ్యలేదు. ఆవిడ మొగుడి ఆఫీసువాళ్ళు నలుగురు వచ్చి ఉన్నారు. కొత్త చెవులు దొరికాక ఈయన ఆగుతాడా? కుర్చీని వెనక్కి తిప్పి, బండెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చుని మొదలుపెట్టాడు.

"నేను నడుపుతున్నాను. వెనకాల మా ఆవిడ. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఎదురు మాట లేదు! ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి నోరెత్తకుండా నా మాట వింటోంది అని మురిసిపోయాను. రెండు కిలోమీటర్లు మురిసిపోయాను. పెట్రోలు బంకు దగ్గర ఆగి, చిల్లర తియ్యవే అని చెయ్యి వెనక్కి చాపితే హ్యాండ్‌బ్యాగు తగిలింది. మనిషి లేదు!"

ఒకటే నవ్వులు. డ్రిల్లు మాస్టారు కదా, గొంతు గ్రౌండు చివరిదాకా వినపడుతుంది. ఒకాయనకి పొలమారింది. ఆడపడుచు "అయ్యో వదినా" అంటూనే కళ్ళు తుడుచుకుంది, నవ్వి నవ్వి. నేనూ నవ్వాను. నవ్వకపోతే సరదా తెలియని మనిషినంటారు.

ఆ రెండు కిలోమీటర్లూ ఈయన మురిసిపోతుంటే నేనెక్కడున్నానో ఎవరూ అడగరు. స్పీడ్ బ్రేకర్ పక్కన, కంకర మీద, ఎడమ మోచెయ్యి చెక్కుకుపోయి, నడుం కదలక పడి ఉన్నాను. పదకొండు నిమిషాలు. చేతి వాచీ పగల్లేదు కాబట్టి తెలుసు. నేను పడి మూడు వారాలు దాటింది, ఇప్పటికీ కుర్చీలో తిన్నగా కూర్చోలేను.

అందుకే ఈ పుస్తకం. కాటాలో నేను లారీల బరువులు రాసే రిజిస్టరే, పాతది, సగం ఖాళీగా ఉంటే తెచ్చుకున్నాను. గడుల మీద నుంచే రాస్తున్నాను. ఎదురుగా ఆయన్ని మీరు అంటాను, ఏవండీ అంటాను. ఇందులో మాత్రం అన్నాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఇది మొదటి పగ.

ఫిబ్రవరి 3

రెండో పగ. ఆయన ఈల బియ్యం డబ్బాలో అడుగున దాచాను. ఇల్లంతా వెతికి, చివరికి నోట్లో వేళ్ళు పెట్టుకుని పిల్లల్ని పరిగెత్తించాడట. దవడ నొప్పి అన్నాడు. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను, ఎంతో ప్రేమగా.

ఫిబ్రవరి 6

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తోక ఎముకకి దెబ్బ, మానడానికి నెలలు పడుతుంది, గతుకుల్లో ప్రయాణం వద్దు అంది. కాటాకి రోజూ పద్నాలుగు కిలోమీటర్లు, అటు బస్సు లేదు, ఈయన బండి మీద గతుకుల్లోనే వెళ్ళాలి అన్నాను. అయితే వీపుకి ఏదైనా ఆనుకునేది ఉండాలి అంది.

నేను లేచి వస్తుంటే ఒక మాట అడిగింది. "వెనక్కి పడ్డారు కదా, మరి మోచెయ్యీ తుంటీ ఎడమవైపు ఎలా తగిలాయి?"

డాక్టర్లకి వైద్యం కంటే కూపీలు ఎక్కువైపోయాయి. పడ్డప్పుడు దిక్కులు చూసుకుని పడతారా ఎవరైనా?

సాయంత్రం చెల్లి వచ్చింది. అది ల్యాబు వాళ్ళ శాంపిళ్ళ పెట్టె వేసుకుని రోజంతా బండి మీదే తిరుగుతుంది. దాని బండికి బ్యాక్‌రెస్ట్ ఉంది. మామూలుది కాదు, జరిపేది. ఒక మీట లాగితే ముందుకీ వెనక్కీ జరుగుతుంది, ఇంకోటి లాగితే వాలుతుంది. నడిపేవాళ్ళ వీపుకైనా పెట్టుకోవచ్చు, వెనక కూర్చున్నవాళ్ళకైనా పెట్టుకోవచ్చు. ఇద్దరికీ ఒకేసారి మాత్రం కుదరదు. ధర చెప్పింది. నా నెల జీతంలో సగం.

"అంతా?"

"నీ నడుం ఎంత అక్కా?" అంది. తర్వాత నా మొహంలోకి చూసి, "నిజంగా పడ్డావా?" అంది.

"పడక?"

"ఏం లేదులే. నీ సంగతి నాకు తెలుసు కదా" అంది. దానికేం తెలుసు!

ఫిబ్రవరి 7

అడిగాను. పొద్దున కాఫీ ఇచ్చి, సమయం చూసే అడిగాను.

"బ్యాక్‌రెస్టా? దేనికి?"

"ఆనుకోవడానికి."

"బండేమైనా పడక్కుర్చీనా? గట్టిగా పట్టుకుంటే సరిపోతుంది. చేతులకి ఖర్చు లేదుగా."

బండికి ముందు ఇనప గార్డు ఉంది. మంచు లేని ఊళ్ళో మంచు దీపాలున్నాయి. హారన్ మూడు రాగాలు పాడుతుంది. సైలెన్సర్ మార్చింది కిందటేడే, శబ్దంలో గాంభీర్యం లేదని. ఇవన్నీ బండికి. నాకు చేతులున్నాయి, ఖర్చు లేదు.

"అయినా నువ్వు నన్ను పట్టుకుంటేగా" అన్నాడు. "మధ్యలో బ్యాగు అడ్డం పెడతావు."

పెడతాను. కోపం వస్తే బ్యాగు మధ్యలో పెడతాను. ఆ రోజూ పెట్టాను. కాటా యజమానితో "మా ఆవిడ ఇంట్లో ఉంటే నా బరువు తూస్తుంది, అందుకే మీ దగ్గరికి పంపిస్తున్నాను" అని ఇకిలించాడు. పదేళ్ళుగా చేస్తున్న ఉద్యోగాన్ని ఒక్క ముక్కలో సరదా పని చేసేశాడు. బ్యాగు పెట్టకపోతే ఏం పెట్టమంటాడు, పూలదండా?

ఫిబ్రవరి 8

కొనను. అంత డబ్బు పెట్టి ఈయన బండికి ఇంకో సొగసు చేకూర్చాలా?

ఫిబ్రవరి 9

కొంటాను.

ఫిబ్రవరి 13

సీట్ల మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. చిన్న దుకాణం, నిండా తోలు, స్పాంజి, జిగురు వాసన. గోడకి విప్పిన సీట్లు వేలాడుతున్నాయి. ఆయన నోట్లో రెండు మేకులు పెట్టుకునే మాట్లాడతాడు, ఒక్క మాటా తప్పిపోదు.

తీసి చూపించాడు. అరచెయ్యి మందాన దిండు, నల్ల తోలు, దారం కుట్టు బయటికి కనపడకుండా ఉంది. కింద ఇనప పట్టాలు. మీట లాగితే టక్కుమని గాట్లలో పడుతుంది. ఐదు గాట్లు. మూడోది నా నడుముకి సరిగ్గా సరిపోయింది. బల్ల మీద పెట్టి నన్ను ఆనుకోమన్నాడు. నెల రోజుల తర్వాత నొప్పి లేకుండా కూర్చున్నాను. ఏడుపొచ్చినంత పనైంది, స్పాంజి ముక్కని చూసి.

"చవకది లేదా?"

"ఉందమ్మా. జరగదు. ఒక్కచోటే ఉంటుంది. ఆర్నెల్లకి మేకులు లేస్తాయి. దీని ధరలో సగం. నేనైతే అదీ వద్దు ఇదీ వద్దంటాను."

"అదేంటి, అమ్మేవాడివి?"

"అమ్మేవాణ్ణి కాబట్టే. దూరాలు పోయేవాళ్ళకి ఇది దండగ కాదు. ఊళ్ళో తిరిగేవాళ్ళు మోజుపడి కొని నెలకే విప్పించేస్తారు. మీకు దేనికి?"

చెప్పాను, పడ్డానని.

"వెనక్కి పడ్డారా, పక్కకా?"

"వెనక్కి."

"అయితే తీసుకోండి. వెనక్కి పడేవాళ్ళని ఇది ఆపుతుంది. పక్కకి జారేవాళ్ళకి మాత్రం దీనితో పని లేదు. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననొద్దు."

ఆలోచించి చెప్తానన్నాను. దారి పొడుగునా ఆలోచించాను. వెనక్కే పడ్డాను. ముందు చక్రం స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది, వెనక చక్రం ఎక్కింది, బండి ఒక్కసారి ముందుకి దూకింది, నేను వెనక్కి పడ్డాను. ఇందులో అర్థం కానిదేముంది?

ఫిబ్రవరి 17

కాటా దగ్గర పెద్ద గొడవ. సిమెంటు లారీ వచ్చింది. కంపెనీ దగ్గర తూచిన కాగితంలో ఒక బరువు, మా కాటా మీద ఇంకో బరువు. రెండు బస్తాలు తక్కువ. డ్రైవరు ఒట్లు పెట్టుకుంటున్నాడు, దార్లో ఎక్కడో జారిపోయి ఉంటాయి, నాకు తెలియదు అని.

మా యజమాని పెద్దాయన, నలభై ఏళ్ళు లారీ నడిపి నడిపి ఈ కాటా పెట్టుకున్నాడు. "ఒరేయ్, బస్తా జారితే బండికి తెలుస్తుంది. బండికి తెలిస్తే నీకు తెలుస్తుంది. తెలియలేదంటే నువ్వు డ్రైవరువి కాదు. డ్రైవరువైతే దొంగవి. ఏదో ఒకటి ఒప్పుకో" అన్నాడు.

డ్రైవరు దొంగతనమే ఒప్పుకున్నాడు. డ్రైవరు కాదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

నేను బరువు రాసి సంతకం పెట్టించుకున్నాను. కలం ఆగిపోయింది కాసేపు. అంత పెద్ద లారీలో రెండు బస్తాలు. ఆ లెక్కన...

కానీ బ్యాగు ఉంది. ఆయన వీపుకి ఆనుకుని బ్యాగు ఉంది. నేనే ఉన్నాననుకున్నాడు. పాపం, తెలియదు.

ఫిబ్రవరి 18

బ్యాగు బరువు కిలోన్నర. నా బరువు యాభై ఎనిమిది.

ఫిబ్రవరి 21

కొన్నాను. జీతం వచ్చిన రోజే. మేస్త్రీ గంటలో బిగించి ఇచ్చాడు.

ఆయన చూసి పెదవి విరిచాడు. "కొనేశావా? చెప్పిన మాట వినవు కదా." తర్వాత మీట లాగి చూశాడు. వాల్చి చూశాడు. టక్కుమనే చప్పుడు నచ్చింది, నాలుగుసార్లు లాగాడు. "బానే ఉంది, నాకు కూడా పనికొస్తుంది" అన్నాడు. నా మూడోగాటు మార్చేశాడు.

సాయంత్రం ఆ బండి మీదే ఇంటికొచ్చాం. హాయిగా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. దారిలో వంతెన మీద బండి నెమ్మదిగా పోతుంటే వీపు సర్దుకుందామని కొంచెం లేచాను. రెండంగుళాలు లేచానేమో.

"కదలకు" అన్నాడు, తల తిప్పకుండానే.

"నేను కదిలినట్టు మీకెలా తెలిసింది?"

"ఇరవై ఎనిమిదేళ్ళుగా బండి నడుపుతున్నానే. వెనక మనిషి ఊపిరి పీల్చినా నాకు తెలుస్తుంది."

గర్వంగా అన్నాడు. ఆ మాట అన్నాక హారన్ కూడా కొట్టాడు.

ఫిబ్రవరి 22

వెనక మనిషి ఊపిరి పీల్చినా నాకు తెలుస్తుంది.

ఫిబ్రవరి 23

వెనక మనిషి ఊపిరి పీల్చినా.

ఫిబ్రవరి 25

ఇంతకాలం ఈల దాచడం, కాఫీలో పంచదార తగ్గించడం, ఇవన్నీ పగలనుకున్నాను. చీ. చీమ కుట్టినట్టు కూడా లేదు ఆయనకి.

తెలుసు. నేను పడ్డట్టు తెలుసు. తెలిసే వెళ్ళాడు. తెలిసే రెండు కిలోమీటర్లు వెళ్ళాడు, తెలిసే ఐదిళ్ళలో ఐదుసార్లు చెప్పి నవ్వించాడు. నాతో కూడా నవ్వించాడు.

ఊరికే అడిగితే "నీకు మతి పోయిందా" అంటాడు. ఆడపడుచు "అన్నయ్య అలాంటివాడా వదినా" అంటుంది. ఇంతమంది నవ్విన తర్వాత నా మాట ఎవరు నమ్ముతారు? ఆయన నోటితోనే రావాలి. ఎవరెవరి ముందు నవ్వించాడో వాళ్ళ ముందే రావాలి. అప్పటిదాకా నా కడుపు చల్లారదు.

అదే చోట దింపుతాను. పదకొండు నిమిషాలు. ఒక్క నిమిషం ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. పదేళ్ళుగా కాటా మీద కూర్చున్నదాన్ని, తూకంలో తేడా రానివ్వను.

దింపాలంటే ముందు నేను నడపాలి.

మార్చి 1

చెల్లిని అడిగాను, బండి నేర్పమని. "ఈ వయసులోనా" అనలేదు. తాళం ఇచ్చేసింది. వాళ్ళ ల్యాబు వెనక ఖాళీ స్థలం ఉంది. మొదటి రోజు గోడని గుద్దాను. గోడకేం కాలేదు.

మార్చి 5

క్లచ్చి వదలడం వచ్చింది. ఆయన్ని తలుచుకుని వదిలితే దూకుతోంది, ఇంకేదైనా తలుచుకుంటే సాఫీగా పోతోంది.

మార్చి 8

ఇవాళ చెల్లిని వెనక ఎక్కించుకుని రెండు చుట్లు తిప్పాను. మూడో చుట్టులో, మలుపు దగ్గర బాగా నెమ్మదించాను, అప్పుడు చెప్పాపెట్టకుండా దిగిపోయింది. బండి వెనకభాగం పైకి లేచింది. హ్యాండిలు ఒక్కసారి తేలికైపోయి చేతుల్లో ఆడింది. ఒంట్లోంచి ఏదో తీసేసినట్టయింది. వారం రోజుల డ్రైవర్ని, నాకే తెలిసింది.

ఆపి వెనక్కి చూశాను. నడిచి వస్తోంది, నవ్వుతూ.

"తెలిసిందా?"

"తెలియకుండా ఎలా ఉంటుందే?"

"దిగడం మాత్రం ఎంత తేలికో చూడు" అంది. "నీకు చెప్పాలా?"

మాట మార్చాను.

మార్చి 11

పైవాడున్నాడు! ఈయన పిల్లలకి హైజంపు చూపించబోయి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. యాభై ఏళ్ళు నిండినవాడు, పొట్టేసుకుని గాల్లోకి లేచాడు, దిగేటప్పుడు చెయ్యి ముందు దిగింది. మోచెయ్యి దాకా కట్టు, ఆరు వారాలు. బండి ముట్టకూడదు.

నేను బాధపడ్డాను. ఆయన కట్టుకి దిండు కూడా పెట్టాను. రాత్రి అన్నం కలిపి పెట్టాను. ముద్ద ముద్దకీ ఒక నిమిషం లెక్కపెట్టుకున్నాను. పదకొండు ముద్దలు తిన్నాడు.

"ఆదివారం కట్టు చూపించుకోవాలి. ఆటో మాట్లాడతాను" అన్నాడు.

"ఆటో ఎందుకండీ? నేను తీసుకెళ్తాను."

నేర్చుకున్న సంగతి అప్పుడే చెప్పాను. నోరు తెరిచాడు. తర్వాత, నిజం రాయాలి, సంతోషపడ్డాడు. "నాకు చెప్పకుండా నేర్చుకున్నావా!" అని కట్టు లేని చేత్తో నా భుజం తట్టాడు. ఆ క్షణం నాకు చాలా కోపం వచ్చింది. పగ పట్టినవాళ్ళని సంతోషపడి పాడుచెయ్యకూడదు.

మార్చి 15

ఉన్నదున్నట్టు రాయాలి.

పొద్దున బండి తుడిచి, మీట లాగి, బ్యాక్‌రెస్ట్ ముందుకి జరిపాను. నా వీపుకి. మూడో గాటు. ఆయన వెనక నిలబడి చూస్తున్నాడు. "మరి నాకు?" అన్నాడు.

"గట్టిగా పట్టుకోండి. చేతికి ఖర్చు లేదుగా."

ఒంటి చేత్తో నా బ్యాక్‌రెస్ట్ అంచు పట్టుకుని ఎక్కాడు.

ఆసుపత్రికి అదే రోడ్డు. స్పీడ్ బ్రేకర్ కనపడింది. నెమ్మదించాను. దాటలేదు. పక్కకి తీసి ఆపాను.

"దిగండి."

"ఇక్కడా? ఏమైంది, పంక్చరా?"

"దిగమన్నాను."

దిగాడు. కట్టుతో ఉన్న చెయ్యి మెడలోంచి వేలాడుతోంది. ఎండ మొహాన కొడుతోంది. కంకర అలాగే ఉంది, ఎవరూ తియ్యలేదు.

"వెనక మనిషి ఊపిరి పీల్చినా తెలుస్తుందన్నారు. ఆ రోజు యాభై ఎనిమిది కిలోలు తెలియలేదా?"

ఏదో అనబోయాడు. నవ్వబోయాడు కూడా, మూతి ఆ వంపు తిరిగింది. నేను నవ్వలేదు. ఒక లారీ పోయింది, దుమ్ము లేచింది. దుమ్ము తగ్గేదాకా స్పీడ్ బ్రేకర్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"తెలిసింది" అన్నాడు.

ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట. విన్నాను.

"నువ్వు దిగిపోయావనుకున్నాను. ఎప్పటిలాగే. కోపం వస్తే బండి నెమ్మదించిన చోట దిగి నడుస్తావు కదా. సరే నడవనీ, బుద్ధొస్తుంది అనుకున్నాను. బంకు దగ్గర ఆగాను నువ్వొస్తావని. రాలేదు."

"అద్దంలో చూడలేదా?"

"చూడలేదు. కావాలనే చూడలేదు."

ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు.

"వెనక్కొచ్చేసరికి నువ్వు నేల మీద ఉన్నావు. చేతినిండా రక్తం. భయమేసింది. 'అయ్యో, తెలియనే లేదే' అనేశాను. ఆ మాట నోరుజారింది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. నవ్వుతూ చెబుతుంటే నాక్కూడా అలాగే జరిగిందనిపించేది."

"ఇక్కడే ఉండు" అన్నాను. మీరు అనలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

వెళ్ళిపోయాను. అద్దంలో చూశాను నేను. చిన్నవాడైపోయి, రోడ్డు పక్కన, ఒక చెయ్యి మాత్రమే ఉన్నవాడిలా నిలబడి ఉన్నాడు. బంకు దాకా వెళ్ళి ఆపాను. బంకులో ఆవిడ గొట్టం తీసుకుని వచ్చింది, ఎంత కొట్టమంటారు అని.

"పెట్రోలు కాదమ్మా. పదకొండు నిమిషాలు నిలబడతాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. మొదటి నాలుగు నిమిషాలు బాగున్నాయి. పండగలా ఉన్నాయి. ఐదో నిమిషం నుంచి వాచీ ముల్లు కదలడం మానేసింది. ఎనిమిదో నిమిషంలో బండి స్టార్ట్ చేసి మళ్ళీ ఆపేశాను. మాట మాటే. పదకొండు అయ్యాకే తిరిగాను.

కంకర మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. తిట్టలేదు.

"మీ చెల్లెలింట్లో చెప్పాలి. ఎక్కడెక్కడ నవ్వించారో అక్కడల్లా చెప్పాలి."

"చెబుతాను" అని బండెక్కాడు.

ఎప్పటిలాగే దిగిపోయాననుకున్నాడట. మహా అయితే మూడుసార్లు. సినిమాహాలు దగ్గర, కూరగాయల మార్కెట్టు దగ్గర, సిగ్నల్లో ఒకసారి. సిగ్నల్లో రెండుసార్లు.

మార్చి 16

ఏం రాయాలో తోచలేదు.

మార్చి 22

చెప్పాడు.

ఆడపడుచు ఇంట్లోనే, ఆ నలుగురినీ మళ్ళీ పిలిపించి మరీ చెప్పాడు. వాళ్ళు అదే కథ అనుకుని ముందే నవ్వడం మొదలుపెట్టారు. ఈయన కుర్చీ తిప్పలేదు. నిలబడే చెప్పాడు. "నాకు తెలుసు. వెనక బరువు పోయినట్టు తెలిసింది. పంతానికి పోయాను. అద్దంలో చూసి ఉంటే పడ్డదని తెలిసేది. చూడలేదు. తర్వాత మీ అందరికీ అబద్ధం చెప్పి నవ్వించాను."

ఎవరిదో చెంచా పళ్ళెంలో జారి చప్పుడైంది. ఆ పొలమారినాయన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. ఆడపడుచు లేచి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. "నేను కూడా నవ్వాను వదినా" అంది. తర్వాత అన్న వైపు తిరిగి, "ఛీ, మనిషివేనా నువ్వు? అదే వెనకాల లారీ వచ్చుంటే?" అని అడిగింది. నేను కాపురానికొచ్చాక ఆవిడ అన్నని ఒక్క మాట అనగా నేను వినలేదు. ఆయన తలెత్తలేదు.

గెలిచాను. ఇంతకంటే ఎవరికీ ఏ పగా తీరదు. ఇంటికొచ్చేటప్పుడు నేనే నడిపాను. బ్యాగు నా భుజానికే వేసుకున్నాను.

మార్చి 23

నేను పడలేదు.

ఈ ఒక్క ముక్క రాయడానికి ఇన్ని పేజీలు పట్టింది. నేను పడలేదు. దిగుతున్నాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆయన నెమ్మదించాడు, నేను ఎడమ కాలు కిందకి వదిలి కుడికాలు ఎత్తాను. దిగి నడుద్దామనే. ఆయన వెతుక్కుంటూ వెనక్కి రావాలి, బతిమాలాలి, కాటా దగ్గర అన్న మాటకి అలా బుద్ధి చెబుదామని. వెనక చక్రం దాటగానే ఆయన బండి లాగాడు, ఒక కాలు ఇంకా సీటు మీద ఉంది, ఎడమవైపు పడ్డాను. డాక్టరు సరిగ్గానే అడిగింది. మేస్త్రీ సరిగ్గానే చెప్పాడు. చెల్లికి మొదటినుంచీ తెలుసు.

ఆయన అనుకున్నది నిజం. దిగిపోతున్నాననుకున్నాడు, దిగిపోతూనే ఉన్నాను. ఆయన చూడకపోవడం తప్పే, అబద్ధం తప్పే, ఆ నవ్వించడం అయితే చచ్చినా క్షమించను. కానీ పడ్డ మనిషి మీద అందరూ జాలిపడతారు. పంతానికి కదులుతున్న బండి దిగి పడ్డ ఆడదాన్ని, నీకు కావాల్సిందే అంటారు. అందుకని పడ్డానన్నాను. మొదటి రోజే, ఆయన "తెలియనే లేదే" అన్న క్షణమే, "పడ్డానండీ" అన్నాను. అబద్ధాలు ఇద్దరం ఒకేసారి ఆడాం, ఆ కంకర మీదే.

నిన్న ఆయన నలుగురిలో నిలబడ్డప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆడపడుచు నా భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. అలా ఏడవడం బాగుంది నాకు. మూసేశాను.

ఇవాళ మధ్యాహ్నం భోజనం చేస్తుంటే అడిగాడు. ఎడంచేత్తో చెంచా సరిగా పట్టుకోవడం ఇంకా రాలేదు, అన్నం సగం ఒళ్ళో పడుతోంది.

"ఆ బ్యాక్‌రెస్ట్ నేను ముందే కొనిచ్చి ఉంటే, ఆ రోజు నువ్వు పడేదానివి కాదు కదా?"

కళ్ళల్లో నీళ్ళున్నాయి. సమాధానం కోసం చూస్తున్నాడు. అది ఎంత ఖరీదైనదైనా, ఎన్ని గాట్లున్నా, దిగిపోతున్న మనిషిని ఆపలేదని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

"పడేదాన్ని కాదు" అన్నాను.

తలూపాడు. చెయ్యి కడుక్కుని, తడిగుడ్డ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాడు. కిటికీలోంచి కనపడుతున్నాడు. ఒంటి చేత్తో బ్యాక్‌రెస్ట్ తుడుస్తున్నాడు, కుట్టు కుట్టూ, చాలాసేపట్నుంచి. చాలు అని నేను అనలేదు.